జూలైలో చెడిపోయిన మెంబ్రేన్లు: ఒక పీహెచ్‌డీ స్కాలర్ కేసు

కెమికల్ ఇంజనీరింగ్ విభాగంలో మెంబ్రేన్లు, అంటే సన్నటి వడపోత పొరలు, తయారుచేసే ల్యాబ్ ఒకటి నడుపుతున్నాను. బీటెక్ వాళ్లకు సెపరేషన్ ప్రాసెస్‌లు చెప్పడం, స్కాలర్ల చేత పరిశోధన చేయించడం రెండూ నా పనే. ఈ కేసులో తప్పు కొంత మా స్కాలర్‌ది, ఎక్కువ నాది. పేర్లు, కాలేజీ, సంవత్సరం తీసేశాను. ఊరు తెలంగాణలో, సముద్రానికి దూరంగా ఉందన్నది మాత్రం ఉంచాను. ఆ వివరం కేసుకు కావాలి.

నేపథ్యం

మేం చేసేవి అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్లు. పాలీసల్ఫోన్ అనే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటిది) గింజలను ఎన్‌ఎంపీ అనే ద్రావకంలో వేసి వేడి మీద రాత్రంతా కలిపితే తేనెలాంటి చిక్కటి ద్రావణం వస్తుంది. ల్యాబ్‌లో దాన్ని డోప్ అంటాం. రంధ్రాలు బాగా పడాలని అందులో నీళ్లలో కరిగే మరో పాలిమర్, పీవీపీ, కాస్త కలుపుతాం. బుడగలన్నీ పోయేదాకా ఆగి, గాజు పలక మీద పోసి, 200 మైక్రాన్ల సందు పెట్టిన కత్తితో ఒక్క లాగు లాగుతాం. ఆ తడి పొరను పలకతో సహా నీళ్ల తొట్టిలో ముంచుతాం. నీళ్లు పొరలోకి వెళతాయి, ఎన్‌ఎంపీ బయటికి వస్తుంది. పాలీసల్ఫోన్‌కు నీళ్లు పడవు కాబట్టి గడ్డకడుతుంది. చూస్తుండగానే పలక మీంచి తెల్లటి కాగితం లాంటిది లేచి తేలుతుంది. అదే మెంబ్రేన్. పైన చాలా పలచటి చర్మం, కింద వేళ్లలా దిగిన ఖాళీలు. వడకట్టే పనంతా ఆ చర్మానిదే, కింది భాగం దానికి ఆసరా మాత్రమే.

మా ల్యాబ్‌లో ప్రామాణిక వంటకం 18 శాతం పాలీసల్ఫోన్, 2 శాతం పీవీపీ, మిగతాది ఎన్‌ఎంపీ. పరీక్షలు రెండు. 1 బార్ ఒత్తిడి మీద శుద్ధమైన నీళ్లు ఎంత వేగంగా దిగుతున్నాయో చూస్తాం, అది ఫ్లక్స్. తర్వాత బీఎస్‌ఏ అనే ప్రొటీన్ కలిపిన నీళ్లు పోసి, ప్రొటీన్‌లో ఎంత శాతాన్ని మెంబ్రేన్ ఆపిందో చూస్తాం, అది రిజెక్షన్. ఈ రెండూ సాధారణంగా ఎదురెదురుగా నడుస్తాయి. రంధ్రాలు పెద్దవైతే నీళ్లు బాగా దిగుతాయి, ప్రొటీన్ కూడా జారిపోతుంది.

స్కాలర్ మూడో ఏడాదిలో ఉన్నాడు. చెయ్యి నిలకడైనది, కత్తి లాగితే గీత పడదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా 2 శాతం పీవీపీతో చేసిన మెంబ్రేన్లు ముచ్చటగా వచ్చాయి. ఫ్లక్స్ గంటకు చదరపు మీటరుకు 110 లీటర్ల దగ్గర, రిజెక్షన్ 92 నుంచి 96 శాతం మధ్య. జూన్ చివరి వారంలో పీవీపీని 4 శాతానికి పెంచితే ఫ్లక్స్ దాదాపు రెట్టింపైంది, రిజెక్షన్ కొద్దిగానే తగ్గింది. పీవీపీ రంధ్రాలు పెంచుతుందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పేపర్ రాయడం మొదలుపెట్టాడు.

సమస్య

పేపర్‌లో ఒక గ్రాఫ్ కోసం 2 శాతం మెంబ్రేన్లు మరో నాలుగు కావాల్సొచ్చాయి. జూలై రెండో వారంలో చేశాడు. సాయంత్రం నా గదికి నవ్వుతూ వచ్చాడు.

"మేడమ్, ఫ్లక్స్ 240 వచ్చింది."

"రిజెక్షన్?"

నవ్వు కాస్త తగ్గింది. "అది ఇంకోసారి చూడాలి మేడమ్. 68 చూపిస్తోంది."

మర్నాడు మరో పలక 81 ఇచ్చింది, ఆ తర్వాతది 63. డోప్ ఒకటే, కత్తి ఒకటే, చెయ్యి ఒకటే. అన్నీ ఒకే రకంగా చెడిపోయి ఉంటే నాకు ఇంత టెన్షన్ ఉండేది కాదు. వంటకంలో ఏదో మారిందని అనుకునేదాన్ని. ఇవి పలకపలకకూ ఒక్కో రకంగా చెడిపోతున్నాయి. అంటే కారణం డోప్‌లో కన్నా డోప్ పోసిన తర్వాత జరిగేదానిలో ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పుడు రాస్తుంటే ఇది ఎంత తేలిగ్గా తడుతోందో! ఆ రోజు తట్టలేదు.

ఏం ప్రయత్నించాం, ఏం కుదరలేదు

మొదటి అనుమానం సూదిమొన రంధ్రాలు. దుమ్మో, సన్నటి బుడగో ఉంటే పొరలో చిల్లు పడుతుంది, ప్రొటీన్ అక్కడి నుంచి పోతుంది. డోప్‌ను ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు నిలవబెట్టాం. పలకలు ఆల్కహాల్‌తో తుడిచాం. ఏమీ మారలేదు. చిల్లులే కారణమైతే అక్కడక్కడా ఒక మంచి పలకైనా పడాలి. ఒక్కటీ పడలేదు.

ప్రొటీన్ కొలతే తప్పేమోనని స్పెక్ట్రోఫోటోమీటర్ క్యాలిబ్రేషన్ మళ్లీ గీశాం. సరిగ్గానే ఉంది. ఇది ఒక పూట పని.

మూడోది నా నిర్ణయం. మూడు వారాలు తిన్నది అదే. జూన్ మొదట్లో పాలీసల్ఫోన్ కొత్త సీసా తెరిచాం. లాట్ (ఫ్యాక్టరీలో ఒక విడతలో తయారైన సరుకు) మారితే అణుభారం మారుతుంది, దాంతో చిక్కదనం మారుతుంది. గతంలో ఒకసారి నాకు సరిగ్గా ఇలాగే జరిగింది. అందుకే "పాలిమర్ లాట్" అని వెంటనే తేల్చేశాను. వేరే లాట్ తెప్పించాం. వచ్చేదాకా కుర్రాడు ఖాళీగా కూర్చున్నాడు. వచ్చాక చేస్తే మళ్లీ 70 లోపే. పాత సీసా అడుగున మిగిలిన గింజలతో ముందే ఒక చిన్న బ్యాచ్ చేయించి ఉంటే ఒకటిన్నర రోజులో ఆ అనుమానం తీరిపోయేది. అనుభవం ఒక్కోసారి ఇలా చేస్తుంది. తెలిసిన జబ్బే కనిపిస్తుంది, పరీక్ష చేయాలనిపించదు.

నాలుగోది అన్నిటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టించింది. తొట్టిలో నీళ్లు చల్లగా ఉంటే ద్రావకం, నీళ్లు నెమ్మదిగా చోటు మార్చుకుంటాయి, చర్మం బిగువుగా వస్తుందని ఒక వాదన ఉంది. ఐస్ వేసి చూద్దామన్నాను. ఐస్ ఇన్‌స్ట్రుమెంట్ రూమ్ ఫ్రిజ్‌లో ఉంది. మోసుకొచ్చే లోపు కరిగిపోతోందని స్కాలర్ తొట్టి, పలకలు, డోప్ అన్నీ అక్కడికే పట్టుకెళ్లి ఆ గదిలోనే పోశాడు. రిజెక్షన్ 93. మర్నాడు 95.

ఆ వారం గ్రూప్ మీటింగ్‌లో బోర్డు మీద ఫేజ్ డయాగ్రామ్ (ఏ పాళ్లలో పాలిమర్ కరిగి ఉంటుందో, ఎప్పుడు విడిపోతుందో చూపే పటం) గీసి, చల్లటి నీళ్లు ఎందుకు పనిచేస్తాయో పావుగంట చెప్పాను. మా రంగంలో ఏ ఫలితం వచ్చినా దానికి తగిన సిద్ధాంతం ఒకటి సిద్ధంగా దొరుకుతుంది. ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని ఫ్యాన్‌తో బయటికి లాగేసే గూడు) లేని గదిలో ఎన్‌ఎంపీ వాడినందుకు వాణ్ని కోప్పడ్డాను కూడా. ఆ కోప్పడే హడావుడిలో, మారింది ఐస్ ఒక్కటే కాదు, గది కూడా మారిందన్న సంగతి పట్టించుకోలేదు.

తిరిగి మా ల్యాబ్‌లో, థర్మాకోల్ పెట్టెలో ఐస్ తెచ్చుకుని, హుడ్‌లో పోశాడు. 66.

దారి ఎలా దొరికింది

ఇక్కడ ఆగి రెండు గదులకూ తేడాలు రాయమన్నాను. స్కాలర్ రాసింది: ఏసీ, కాబట్టి 24 డిగ్రీలు, ఇక్కడ 30. డోప్ చల్లబడితే చిక్కబడుతుంది, అదే కారణమన్నాడు. బాగానే ఉంది. కానీ ఏప్రిల్‌లో మా ల్యాబ్ 36 డిగ్రీల దాకా పోయింది, అప్పుడు వచ్చినవన్నీ మంచి మెంబ్రేన్లు. ఉష్ణోగ్రత అయితే ఏప్రిల్‌వి ఇంకా చెడిపోవాలి. ఇద్దరం కాగితం చూస్తూ కూర్చున్నాం.

అటెండర్ అన్న అప్పుడే గాజు పలకలు కడుగుతున్నాడు. మా మాటలు విని అన్నాడు: "మేడమ్, ఎండాకాలం పలక నీళ్లల్ల పెట్టినంక తెల్లగయ్యేది. ఇప్పుడు పెట్టకముందే తెల్లగైతాంది. పాలు విరిగినట్టు."

లేచి వెళ్లి అప్పటికప్పుడు ఒకటి పోయించాను. తడి పొరను పక్కనుంచి, ట్యూబ్‌లైట్ ప్రతిబింబం పడేలా చూశాం. మొదట అద్దంలా మెరుస్తోంది. లైటు గీత అంచులు స్పష్టంగా ఉన్నాయి. పదిహేను సెకన్లకు అంచు మసకబారింది. అర నిమిషానికి పొర మీద పలచటి పొగలా కమ్మింది, పలక అంచుల దగ్గర ఎక్కువ. ఇంకా నీళ్ల దగ్గరికే పోలేదు. గాలిలోని నీళ్లతోనే గడ్డకట్టడం మొదలైపోయింది.

ఎన్‌ఎంపీకి తేమ పీల్చుకునే గుణం ఉంది. ఆ ద్రావణంలోకి కొద్ది శాతం నీళ్లు చేరినా చాలు, పాలీసల్ఫోన్ విడిపోతుంది. తొట్టిలో ముంచితే నీళ్లు ఒక్కసారిగా దాడి చేసి బిగువైన చర్మం కడతాయి. గాలి తేమ అలా కాదు, నెమ్మదిగా వస్తుంది. పాలిమర్ తీరిగ్గా ముద్దలు కడుతుంది, పైన రంధ్రాలు పెద్దవవుతాయి. ఫ్లక్స్ పెరగడం, రిజెక్షన్ పడిపోవడం రెండూ దీనితో సరిపోయాయి. మా ఊళ్లో ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం దగ్గర ఉంటుంది, జూలైలో వాన పడుతుంటే 80 దాటుతుంది. ఏసీ గదిలో తేమ తగ్గుతుంది. ఐస్‌కు ఇందులో పాత్రే లేదు.

ఇంతవరకు వచ్చాక సంతోషించాలి కానీ ఒక మెలిక మిగిలింది. ప్రొటోకాల్‌లో పొర గాలిలో ఉండేది 30 సెకన్లు అని రాసుంది. జూలైలో కూడా అంతే అయితే పలకకూ పలకకూ ఇంత తేడా ఎందుకు? స్కాలర్‌కు చెప్పకుండా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. 41, 58, 72 సెకన్లు. ఎందుకంటే హుడ్ గదికి ఈ చివర, సింకు పక్కన తొట్టి ఆ చివర. మధ్యలో ఎవరో ఒకరు నడుస్తుంటారు. పలక ఒరగకుండా రెండు చేతులతో పట్టుకుని వెళ్లాలి.

ఏప్రిల్‌లో హుడ్‌లో పోసేవాడు కాదు. సింకు పక్క బల్ల మీదే పోసేవాడు. ఎన్‌ఎంపీ పుట్టబోయే బిడ్డలకు హాని చేయగల ద్రావకం కాబట్టి జూన్‌లో అందరూ హుడ్‌లోనే పోయాలని ఆర్డర్ వేసింది నేను. ఆర్డర్ సరైనదే. తొట్టి కూడా మార్చాలన్న ఆలోచన మాత్రం రాలేదు. పైగా హుడ్ ఫ్యాన్ గది గాలిని, అంటే తడి గాలిని, పొర మీదుగా లాగుతూనే ఉంటుంది.

అసలు ఆ 30 సెకన్లు ఎక్కడివి? పాత నోట్సు తిరగేశాను. నేను నేర్చుకున్న ల్యాబ్‌లో అలా చేసేవారు, నేనూ అలాగే రాసుకున్నాను. దాని మూలం ఇంకా వెనక ఉంది. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ సముద్రపు నీటి కోసం సెల్యులోజ్ అసిటేట్ మెంబ్రేన్ చేశారు. పొరను కాసేపు గాలికి ఆరనిచ్చి తర్వాత ఐస్ నీళ్లలో ముంచారు. వాళ్ల ద్రావకం అసిటోన్, 56 డిగ్రీలకే మరుగుతుంది. గాలిలో ఉంచితే పైనుంచి ఎగిరిపోయి చర్మం చిక్కబడుతుంది, కాబట్టి అక్కడ ఆరబెట్టడానికి అర్థం ఉంది. మా ఎన్‌ఎంపీ మరిగేది 202 డిగ్రీలకు. అర నిమిషంలో అది ఎగిరేదేమీ ఉండదు. మా ప్రొటోకాల్‌లో ఆ 30 సెకన్లు ఎవరి ఇంటి ఆచారమో మా ఇంట్లో పాటిస్తున్నట్టు. ఎండాకాలం దానివల్ల నష్టం లేదు, అంతే.

ఏం పనిచేసింది

ఊహ ఎంత బాగా కుదిరినా, ఐస్ విషయంలో చెయ్యి కాలి ఉంది కాబట్టి ఈసారి పరీక్ష పెట్టకుండా నమ్మదలచుకోలేదు. అక్వేరియం షాపువాడి చేత మూతున్న గాజు పెట్టె కట్టించాం. చేతులు దూరేలా ముందు రెండు రంధ్రాలు. పెట్టెను హుడ్‌లో పెట్టాం. ఒక రోజు అడుగున సిలికా జెల్ పరిచి పొడి గాలి, ఒక రోజు తడి తువ్వాళ్లు వేలాడదీసి తడి గాలి. లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్. ప్రతి గాలిలో పొర కొన్నిసార్లు 10 సెకన్లు, కొన్నిసార్లు 60 సెకన్లు. గది ఉష్ణోగ్రత, డోప్ మారకుండా చూశాం. ఏ పలక ముందు, ఏది వెనక అన్నది చీటీలు తీసి నిర్ణయించాం. ఒక్కోదానికి మూడేసి పలకలు.

పొడి గాలిలో 10 సెకన్లైనా 60 సెకన్లైనా రిజెక్షన్ 94 దగ్గరే ఉంది. తడి గాలిలో 10 సెకన్లకు 90 కాస్త పైన, 60 సెకన్లకు 65 చుట్టుపక్కల. ఫిబ్రవరిలో స్కాలర్ సమయం పట్టించుకోకపోయినా ఎందుకు బయటపడలేదో ఇది చెబుతుంది. పొడి గాలిలో సమయానికి విలువ లేదు. తేమ వచ్చాకే ప్రతి సెకనుకూ లెక్క మొదలైంది. నేను రెండింటినీ విడివిడిగా పరీక్షించి ఉంటే, అంటే ఎండాకాలంలో సమయం మార్చి చూసి ఉంటే, "సమయం ముఖ్యం కాదు" అని రాసి సంతకం పెట్టేదాన్ని.

హుడ్ ఫ్యాన్ వాటా ఎంతో విడిగా కొలవలేదు. పెట్టె వచ్చాక గాలి పొర మీదుగా పోదు కాబట్టి అవసరం పడలేదు. కొలిచి ఉంటే బాగుండేది.

ఫార్మసీ వాళ్ల దగ్గర నీళ్ల శాతం కొలిచే కార్ల్ ఫిషర్ పరికరంలో మా ఎన్‌ఎంపీ చూపించాం. జనవరి నుంచి రోజూ తెరుస్తున్న సీసాలో నీళ్లు సీల్డ్ సీసాకన్నా చాలా ఎక్కువ ఉన్నాయి. అప్పటి నుంచి నీళ్లు పీల్చే మాలిక్యులర్ సీవ్ గింజలు వేసి ఉంచుతున్నాం. పీవీపీ కూడా తేమ పట్టేదే, వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టాకే తూకం వేస్తున్నాం. తొట్టిని హుడ్ పక్కకు మార్చాం. గాలిలో ఉంచేది 10 సెకన్లు, స్టాప్‌వాచ్ మీద. సెప్టెంబర్‌లో, బయట వాన పడుతుండగా, వరసగా ఎనిమిది పలకలు 92 పైనే వచ్చాయి.

పేపర్ సంగతి

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న భాగం ఇది. పెట్టె తయారయ్యాక నా మనసు 4 శాతం పీవీపీ మీదకు పోయింది. అవి చేసింది జూన్ చివరి వారంలో. తేదీలు చూశాం. 2 శాతం బ్యాచ్‌లన్నీ ఏప్రిల్ లోపు, బల్ల మీద, పొడి గాలిలో. 4 శాతం బ్యాచ్‌లన్నీ వానలు మొదలయ్యాక, హుడ్‌లో, నడక కలుపుకుని. ఫ్లక్స్ రెట్టింపు కావడంలో పీవీపీ వాటా ఎంత, రుతుపవనాల వాటా ఎంత?

స్కాలర్ ముఖం వాడిపోయింది. "మేడమ్, పీవీపీ పెరిగితే ఫ్లక్స్ పెరుగుతుందని అందరూ రాశారు కదా. దిశ అదే కదా." నిజమే. అలాగే పంపినా ఏ రివ్యూయర్ అడిగేవాడు కాదు. ఫెలోషిప్ ఇంకో ఏడాదే ఉంది, వాడి తొందర నాకు తెలుసు. కానీ పేపర్‌లో మేం రాసింది దిశ కాదు, అంకె. ఇంకో ల్యాబ్‌లో ఎవరో ఆ అంకె నమ్మి డోప్ కలుపుతారు, రాకపోతే తమ చేతినే తప్పుపట్టుకుంటారు. పేపర్‌లోని వంటకాలన్నీ పెట్టెలో మళ్లీ చేయమన్నాను. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు, తర్వాత మొదలుపెట్టాడు.

మళ్లీ చేస్తే 4 శాతం పీవీపీకి ఫ్లక్స్ పెరిగింది కానీ రెట్టింపు కాదు, పాతిక శాతం దాకా. పేపర్ ఐదు నెలలు ఆలస్యమైంది, శీర్షిక మారింది, సాదాగా తయారైంది. థీసిస్‌లో మాత్రం తేమ మీద ఒక అధ్యాయమే వచ్చింది. అది వాడు ఇష్టంగా రాశాడు.

తరగతిలో మార్పులు

పాలిమర్, ద్రావకం, నీళ్లు మూడు మూలల్లో ఉన్న త్రిభుజం, అంటే ఆ ఫేజ్ డయాగ్రామే, ప్రతి ఏటా బోర్డు మీద గీస్తాను. డోప్ చుక్కను పాలిమర్‌కూ ద్రావకానికీ మధ్య గీత మీద సరిగ్గా పెట్టి, అక్కడి నుంచి బాణం వేస్తాను. గీత మీద ఉండడమంటే నీళ్లు సున్నా అని. జూలైలో ఆ చుక్క గీత మీద ఉండదని ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. స్కాలర్ నా క్లాసులో కూర్చున్నవాడే. నేర్పినట్టే నేర్చుకున్నాడు.

ఇప్పుడు త్రిభుజం గీయకముందే ల్యాబ్‌కు తీసుకెళతాను. పొర మీద ఊదితే మసకబారుతుంది కదా, అదే చేయిద్దామని మొదట అనుకున్నాను. ఎన్‌ఎంపీ దగ్గర ముఖం పెట్టమనడం మతిలేని పని. అందుకే పెట్టెలో పలక పక్కన వేడినీళ్ల గ్లాసు పెడుతున్నాం. గ్లాసు వైపు సగం మసకబారుతుంది, అవతలి సగం మెరుస్తూ ఉంటుంది. అప్పుడు ఒక్కటే అడుగుతాను: ఈ రెండు సగాలనూ త్రిభుజంలో ఎక్కడ పెడతారు? ముందు లెక్కలు బాగా చేసేవాళ్లు తడబడతారు. వెనక బెంచీల వాళ్లు ఒక్కోసారి సరిగ్గా పెడతారు.

రికార్డ్ బుక్‌లో గాలి తేమ, గది ఉష్ణోగ్రత, గాలిలో ఉన్న సెకన్లు, పోసిన వేళ అని నాలుగు కాలమ్‌లు చేర్చాం. ఏ రోజు ఏ వంటకం అన్నది చీటీలతోనే. అటెండర్ అన్న ఇప్పుడు గ్రూప్ మీటింగ్‌లో కూర్చుంటాడు. మొదట్లో మొహమాటపడ్డాడు. ఈ మధ్య స్కాలర్లే వెళ్లి అడుగుతున్నారు, "అన్నా, ఇయ్యాల పలక ఎట్లుంది?" అని.

పోయిన మే నెలలో ఒక ఫైనలియర్ అమ్మాయి ఆ కాలమ్‌లు నింపుతూ ఆగి అడిగింది. "మేడమ్, తొట్టిలో నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకువి కదా. ఇప్పుడు చెయ్యి పెడితే కాలుతున్నాయి. ఫిబ్రవరిలో చల్లగా ఉండేవి. అది ఎక్కడ రాయాలి?"

స్కాలర్, నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఏప్రిల్ నాటి పాత రికార్డు తీశాడు. తొట్టి నీళ్లకు ఎదురుగా ప్రతి పేజీలో "గది ఉష్ణోగ్రత" అని ఒకే మాట ఉంది. ఆ అమ్మాయి చేత ఐదో కాలమ్ గీయించి, థర్మామీటర్ తెమ్మన్నాను. 38 చూపించింది.